వేడి చేసిందనుకుంటే...

మా మేనత్తది మానుకోట దగ్గర పల్లె. అరవై దాటినా మిరప ఏరడానికి పోయే మనిషి. పోయిన ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు నన్ను పెరట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. "బిడ్డా, ఒంటికి పోతే ఎర్రగ వస్తాంది. నొప్పేం లేదు. మీ మామకు చెప్పకు."

అప్పటికే వేడి చేసిందన్నారని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రలు వారం మింగింది. ఎరుపు ఆగింది. మూడు నెలలకు మళ్ళీ కనిపించింది.

విషయం బయటపడ్డాక ఇంట్లో సలహాల జాతరే! లక్ష్మణ ఫలం ఆకుల కషాయంతో ఎంతటి క్యాన్సరైనా మాయమవుతుందని ఒకరు వాట్సాప్ చదివి వినిపించారు. "ముక్క తీస్తే పాకుతది, కత్తి తగలనీయొద్దు" అని ఇంకొకరు భయపెట్టారు. నేనూ తక్కువ తినలేదు. డిగ్రీ చదివానన్న ధీమాతో అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వెతికాను. ఒకచోట భయం, ఇంకోచోట మందుల అమ్మకం. తెల్లారేసరికి దక్కింది తలనొప్పి ఒక్కటే.

చివరికి ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, అత్తను వెంటబెట్టుకుని వరంగల్‌లో యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "చుట్ట తాగుతావా అమ్మా?" అత్త తల దించుకుంది. నలభై ఏళ్ళ అలవాటు మరి!

పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకే కదా అనుకుంటాం. అందులోని విషం రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాలు దాన్ని వడగడతాయి, అది మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటుంది. లోపలి పొర చెడేది అందుకే. స్కానింగ్ చేశారు. సన్నని గొట్టం పంపి లోపల చూశారు. దాన్నే సిస్టోస్కోపీ అంటారు. గడ్డను ఆ దారినే గీకి తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అదృష్టం, పై పొర దాటలేదు. తర్వాత వారానికొకటి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. ఏ మందో తెలుసా? పసిపిల్లలకు టీకాగా వేసే బీసీజీయే! 1976 నుంచీ ఈ జబ్బుకు దాన్ని వాడుతున్నారట.

నాకు బోధపడింది ఇది. ఏ మాట విన్నా మూడు సంగతులు చూడాలి. చెప్పేది ఎవరు? చెప్పి ఏమైనా అమ్ముతున్నారా? మనుషుల మీద రుజువైందా? లక్ష్మణ ఫలం మీద జరిగినవి చాలావరకు ప్రయోగశాల పరీక్షలే. మనిషికి క్యాన్సర్ నయమైందన్న రుజువు లేదు. ముక్క పరీక్ష చేయకుంటే ఏ క్యాన్సరో, ఎంత ముదిరిందో తెలియదు, వైద్యానికి దారీ దొరకదు. డాక్టరును మాత్రం మొహమాటం లేకుండా అడగండి. గడ్డ పొరలోనే ఉందా, కండరంలోకి దిగిందా? మళ్ళీ పరీక్ష ఎప్పుడు? రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఖర్చుకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.

ముప్పై దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. మీ ఊరి ఏఎన్ఎంను అడగండి. మూత్రాశయం ఆ జాబితాలో లేదు. దానికి మన కన్నే కాపలా. ఎర్రగా వచ్చినంత మాత్రాన క్యాన్సరే కానక్కర్లేదు, ఇన్ఫెక్షనో రాయో కావచ్చు. కానీ ఆడవాళ్ళకు ప్రతిసారీ ఇన్ఫెక్షనే అనుకుని మాత్రలిస్తూ పోతే అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. నొప్పి లేకున్నా, ఒక్కసారే వచ్చి ఆగినా పరీక్ష చేయించుకోవాల్సిందే.

అత్త చుట్ట మానేసింది. మూడు నెలలకోసారి పరీక్షకు వస్తోంది. మామకు కూడా చెప్పొద్దన్న మనిషి, ఇప్పుడు మిరప చేలో కూలీలందరికీ చెబుతోందట. "ఎర్రగ కనవడితే సిగ్గుపడకుండ్రి, దాచుకోకుండ్రి."