సంఘపు కంప్యూటరునకు మెమొరీ యెంత కావలయును?

సంఘపు సొమ్ము సభ్యుల సొమ్ము. ఎరువుల కొట్టునకు తాళముకప్ప కొనునపుడు సైతము పాలకవర్గమువారు రెండంగళ్లలో ధర విచారింతురు. కాని కంప్యూటరు కొనవలసివచ్చినపుడు మాత్రము వర్తకుడు చెప్పినదే వేదమగుచున్నది. "మెమొరీ యెంత వేయమందురు? నాలుగా, ఎనిమిదా, పదునారా, ముప్పదిరెండా?" అని యతడు ప్రశ్నించునప్పటికి మన పెద్దలు ఒకరి మొగమొకరు చూచుకొనుటను మేము పెక్కు తావుల గాంచితిమి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు గొప్ప చదువు అక్కరలేదు. తన చేనికి నీరెంత కావలయునో యెరిగిన రైతు దీనిని గూడ తెలిసికొనగలడు.

2022 జూను 29వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులతోడను, రాష్ట్ర సహకార బ్యాంకులతోడను సంఘముల లెక్కలను ఒక్క త్రాట గట్టుట దాని యుద్దేశము. పథకము క్రింద వచ్చిన యంత్రము వచ్చును. కాని యంత్రమునకు ఆయువు కలదు. పాతది చెడినను, రెండవ గుమాస్తాకు రెండవది కావలసినను, సంఘము తన సొంత నిధి నుండియే కొనవలసివచ్చును. అట్టి దినమునకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కళ్లము, గాదె

కంప్యూటరులో రెండు విధములగు చోటులు గలవు. ఈ రెంటిని కలిపి తికమకపడుటయే మొదటి పొరపాటు.

ఒకటి డిస్కు. ఇది గాదె వంటిది. అందులో పోసిన ధాన్యము దీపమార్పినను, తలుపు మూసినను అట్లే యుండును. రెండవది మెమొరీ, దీనినే ర్యామ్ అందురు. ఇది కళ్లము వంటిది. మాసూళ్ల కాలమున నూర్పిడి జరుగునది కళ్లములోనే గాని గాదెలో గాదు. గుమాస్తా యే పద్దు తెరచినను, ఏ రసీదు అచ్చువేసినను, ఆ పని జరుగునంతసేపు దానికి కళ్లములో చోటు కావలయును. పని ముగిసిన పిదప దానిని గాదెకు చేర్చవలయును. ఈలోగా విద్యుత్తు పోయినయెడల కళ్లములోనిదంతయు మాయమగును.

కళ్లము ఇరుకైనపుడు రైతు యేమి చేయును? కొన్ని మోపులను ప్రక్క గట్టుమీద పెట్టి, తక్కినవి నూర్చి, మరల వాటిని దింపుకొనును. కంప్యూటరు గూడ అట్లే చేయును. మెమొరీ చాలనపుడు పనిలో కొంత భాగమును డిస్కుమీదికి నెట్టి, కావలసినప్పుడు వెనుకకు తెచ్చుకొనును. డిస్కు మెమొరీకంటె మిక్కిలి మందగతి గలది. అందుచేత యంత్రము ఆగిపోలేదు, నడవనులేదు అన్నట్లుండును. దీపము మిణుకు మిణుకుమనుచుండును. గుమాస్తా చెమట తుడుచుకొనుచుండును.

ఆ చోటు దేనితో నిండును?

బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థవారు నిర్మించి 1960లో నడపిన 'టిఫ్రాక్' అను కంప్యూటరు మన దేశమున తయారైన తొలి యంత్రములలో నొకటి. దాని మెమొరీలో 2,048 గదులు, గది కొక్కింట 40 బిట్లు. నేటి కొలత ప్రకారము లెక్కించిన అది 10 కిలోబైట్లు మాత్రమే. ఇప్పుడు 8 జి.బి. యనబడునది దానికి ఎనిమిది లక్షల రెట్లకు మించినది. ఇంత చోటుండియు చాలదనుట యెట్లు?

మన లెక్కలవలన గాదు. రెండువేల సభ్యులున్న సంఘమున ఒక్కొక్క సభ్యుని ఖాతాకు 10 కిలోబైట్లు చొప్పున వేసికొన్నను మొత్తము 20 మెగాబైట్లు. ఇది 8 జి.బి.లో నాలుగువందలవ వంతు. చోటును తినివేయునవి వేరు. యంత్రమును నడపు విండోసు మొదట తన వాటా తీసికొనును. వైరసు కాపలాదారు మరికొంత తీసికొనును. తెరపై బొమ్మలు చూపు భాగమునకు వేరుగా మెమొరీ లేని యంత్రములలో దానికిని ఈ కళ్లములోనుండియే చోటు పోవును. బ్రౌజరులో తెరచిన ప్రతి పుటయు తన పాలు తానడుగును. పట్టాదారు పాసుపుస్తకపు పుట నొకదానిని మంచి స్పష్టతతో రంగులలో స్కాను చేసి తెరచినచో, ఎ4 పరిమాణమునకు సుమారు 25 మెగాబైట్లు పట్టును. అట్టివి నలువది పుటలు ఒక్కసారి తెరచినచో ఒక జి.బి. సరి.

మేము చూచిన రెండు సంఘములు

కొల్లేటి చేరువ పల్లములోని యొక సంఘమునకు పంట ఋణముల గడువు చివరి దినమున మేము పోవుట తటస్థించెను. కేంద్ర ప్రభుత్వ పథకము ననుసరించి 3 లక్షల వరకు పంట ఋణము 7 శాతము వడ్డీకి వచ్చును. గడువు దాటకుండ చెల్లించినవారికి అందులో 3 శాతము తగ్గింపు. అనగా లక్ష రూపాయల ఋణముపై సంవత్సరమునకు మూడువేలు. ఆ దినమున లంక గ్రామములనుండి వచ్చిన రైతులు సొమ్ము మూటగట్టుకొని ప్రొద్దుటినుండి వరుసలో నిలిచియుండిరి. ఒక్కొక్క రసీదునకు పావుగంట పట్టుచుండెను. "నెట్టు రాలేదు" అని కొందరును, "బ్యాంకువారి యంత్రము చెడినది" అని కొందరును అనుచుండిరి. ఒక వృద్ధుడు మా చెంతకు వచ్చి, "అయ్యా, సొమ్ము నా చేతిలో నున్నది. రేపు గడువు తప్పినాడని నన్నందురా?" అని యడిగెను. మాకు జవాబు తోచలేదు.

కార్యదర్శి యనుమతితో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కి చూచితిమి. యంత్రము తన పని లెక్కను తానే చూపెను. 4 జి.బి. మెమొరీ అంతయు నిండియున్నది. పాత తిరుగుడు డిస్కు నూటికి నూరు పాళ్లు పనిలో నున్నది. తప్పు నెట్టుది గాదు, బ్యాంకుది గాదు, కళ్లము చాలలేదు. అక్కరలేని పుటలు మూయించితిమి. పని కొంత సాగెను. రాత్రి తొమ్మిది గంటలకు కడపటి రసీదు వచ్చెను. ఆ వృద్ధుడు దానిని చీకటిలో దీపముకడ బట్టి రెండు మారులు చదువుకొని పోయెను. అదృష్టవశమున ఆ యంత్రములో రెండవ అర ఖాళీగా నుండెను. తరువాత వారు మరియొక 4 జి.బి. పలక వేయించుకొనిరి. మరుసటి గడువునాడు సాయంకాలమునకే పని ముగిసినది.

రెండవ సంఘము తాడేపల్లిగూడెము వైపుది. అచ్చట పాలకవర్గమువారు ఉదారులు. "ఎక్కువైన నష్టమేమి?" అని 32 జి.బి. మెమొరీ గల యంత్రము తెప్పించిరి. ఆ ఖర్చుతో చేతి సొమ్మయిపోయి, బ్యాటరీ పెట్టె కొనుట మానిరి. డిస్కు పాతరకమే పెట్టించిరి. మేము చూచునప్పటికి అందులో 5 జి.బి. మాత్రమే వాడుకలో నుండెను. తక్కిన 27 పడావుపడి యున్నవి. యంత్రము తెరచుకొనుటకు మాత్రము గుమాస్తా కాఫీ త్రాగివచ్చునంత కాలము పట్టుచుండెను. గాలివానకు విద్యుత్తు పోయినప్పుడు సగము వ్రాసిన పద్దు పోయెను.

పొటాషు తక్కువైన చేనికి యూరియా రెట్టింపు వేసినను గింజ పెరుగదని మేము ప్రదర్శన క్షేత్రములలో చెప్పుచుందుము. చేను నల్లబడి, పడిపోవును, అంతే. యంత్రమునకును ఇదే న్యాయము. ఏది తక్కువైనదో దానిని పూరింపవలయును.

కొలిచి కొనుడు

కావున కొనుటకు ముందు కొలువుడు. 4 జి.బి. యంత్రముపై కొలిచిన లాభము లేదు. అది యెప్పుడును నిండుగానే కనబడును. 8 జి.బి. గల పొరుగు సంఘమునకు రద్దీ దినమున పోయి, పైన చెప్పిన మూడు మీటలు నొక్కి, టాస్క్ మేనేజరులో మెమొరీ వాడుకను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వ్రాసికొనుడు. మూటిలో పెద్ద యంకెను తీసికొనుడు. అది 5 లేక 5½ దాటనిచో 8 చాలును. 6½ దాటుచున్నచో 16 కొనుడు. నడుమ నున్నచో, 8 కొని రెండవ అర ఖాళీగా నుంచుకొనుడు.

అట్లు కొలుచుటకు వీలులేనివారికి మా యనుభవమునుబట్టి చెప్పుచున్నాము:

4 జి.బి. – విండోసు 11 నడచుటకు దానిని చేసినవారే చెప్పిన కనీసము ఇది. కనీసమనగా బ్రదుకుటకు చాలునది, పనికి గాదు. క్రొత్తగా కొనవలదు.

8 జి.బి. – ఒక గుమాస్తా బ్రౌజరులో సంఘ లెక్కలు వ్రాసి, రసీదులు, ఉత్తరములు అచ్చువేయుటకు చాలును.

16 జి.బి. – ఒక్క యంత్రముననే లెక్కలు, స్కానులు, వీడియో సమావేశములు, మీసేవ వంటి పౌరసేవలు అన్నియు జరుగుచోట తగును. 2023 నుండి పరపతి సంఘములు కామన్ సర్వీసు సెంటర్లుగా గూడ పనిచేయుటకు ఏర్పాటు జరిగినది గనుక ఈ పని పెరుగునేగాని తగ్గదు. యంత్రమును ఆరేడు సంవత్సరములు వాడదలచిన సంఘము ఇది కొనుట మేలు.

32 జి.బి. – చలనచిత్రములు కూర్చువారికిని, పెద్ద పటములు గీయువారికిని. మనకు గాదు.

మరచిపోరాని షరతులు

మెమొరీ పలకలలో డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను రకములు గలవు. ఒకదాని అరలో మరియొకటి పట్టదు. మీ యంత్రము రకమేదో రసీదుపై వ్రాయించుకొనుడు. కొన్ని లాప్‌టాపులలోను, చిన్న పెట్టెలలోను మెమొరీని పలకకు అతికివేయుదురు. దానిని పెంచుటకు వీలులేదు. అట్టిది కొనవలసివచ్చినచో మొదటనే 16 తీసికొనుడు. రెండు సమానమగు పలకలు కలిసి పనిచేసిన వేగము కొంత హెచ్చును. కాని లెక్కల పనికి ఆ భేదము స్వల్పము. రెండే అరలున్నచోట ఒక్క 8 వేసి రెండవది ఖాళీగా నుంచుటయే పొదుపు.

డిస్కు తిరుగుడు రకము గాక ఎస్.ఎస్.డి. కావలయును. మెమొరీలోనిది విద్యుత్తుతో పోవునది గనుక యు.పి.ఎస్. తప్పనిసరి. ఈ రెండును విడిచి మెమొరీ పెంచుట, గట్టు లేని చేనికి నీరు పెట్టుట.

పాత యంత్రమునకు పలక చేర్చుటకు ముందు మరియొక విచారణ కలదు. విండోసు 10కి దాని సంస్థవారు 2025 అక్టోబరు 14తో సాధారణ రక్షణ సవరణలు నిలిపివేసిరి. యంత్రము విండోసు 11కు అర్హము గానిచో, మెమొరీకి పెట్టిన సొమ్ము పాత యెద్దునకు క్రొత్త కాడి వంటిది. సభ్యుల సొమ్ము లెక్కలున్న యంత్రమునకు రక్షణ లేకుండుట తగదు. మరియు 2025 చివరి నెలలనుండి మెమొరీ ధరలు లోకమంతట మిక్కిలి పెరిగినవి. కనుక 8కి ఎంత, 16కి ఎంత అని వేరువేరుగా వ్రాతమూలకముగా ధరలు తెప్పించుకొని, ఏలూరులో నొకటి, తాడేపల్లిగూడెములో నొకటి చొప్పున పోల్చి, పాలకవర్గ తీర్మానములో కారణము వ్రాసి కొనుడు.

కొల్లేటి గట్టున నున్నవారికి వేరుగా చెప్పవలసినది లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చలేనినాడు ముంపు వచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరును కొల్లేటికే దిగవలసివచ్చెను. ఎండకాలమున మురుగుకాలువను చూచి, ఇది చాలుననుట తెలివి గాదు. ఎన్నడును రాని వరదకై ఊరంతయు త్రవ్వివేయుటయు తెలివి గాదు. ఏటేట వచ్చు వరదకు కాలువ చాలవలయును. సంఘమునకు ఏటేట వచ్చు వరద గడువు దినము. ఆ దినమున వరుసలో నిలిచిన కడపటి సభ్యునకు ప్రొద్దుగూకకముందే రసీదు చేతికి వచ్చునంత మెమొరీ కొనుడు. అంతకు మించిన సొమ్ము విత్తనములకు మిగుల్చుడు.