తెరముందటి ఆట – ఒడలికి మేలా?

వేసవి యెండకు వెఱచియో, వంటపని తీఱకయో, సాయంకాలము ఫెర్రీ యొడ్డునకు నడచి పోజాలని గృహిణులు ఇబ్రహీంపట్నమున నెందఱో కలరు. ఒడలు కదలించినగాని సాగని వీడియో ఆటలు అట్టివారికి మేలుచేయునా యని మే మాలోచించితిమి.

2006లో నింటెండో సంస్థ 'వీ' యను యంత్రమును విడుదల చేసెను. చేతనున్న రిమోటును విసరిన, తెరమీద బంతి యెగురును. 2010లో వచ్చిన మైక్రోసాఫ్టు వారి 'కినెక్ట్'నకు రిమోటును అక్కఱలేదు. కెమెరాయే కదలికలను కనిపెట్టెడిది. 2017లో దాని తయారీ నిలిచిపోయెను.

2007లో ఇంగ్లండు పరిశోధకులు బాలబాలికలను పరీక్షించి, కూర్చుండి యాడు వీడియో ఆటలకంటె 'వీ' ఆటలయందు శక్తివ్యయము హెచ్చనియు, నిజమైన టెన్నిసు మున్నగు క్రీడలకంటె తక్కువనియు తేల్చిరి. పైగా కుర్చీలో కూర్చుండి మణికట్టు త్రిప్పినను తెరమీద గెలువవచ్చును. ఆ మోసమువలన నష్టపడునది మన యొడలే!

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అయిదు దినములు, దినమున కరగంట. ఇంట యంత్రమున్నచో పిల్లలతో గూడి నిలుచుండి యాడుడు, సిగ్గుపడవలదు. లేనిచో దానికై ధనము వెచ్చింపకుడు. చెమ్మచెక్కకు, ఒప్పులకుప్పకు కాసు ఖర్చులేదు. ఇంటివా రొక యరగంట వంటపని పంచుకొన్నచో, ఏటి యొడ్డున నడక అన్నిటికంటె మేలు. ఆ యరగంటను అడిగి తీసికొనుడు.