చేంతాడు - ఉక్కుతాడు



నేలకొండపల్లిలో మా పెరట్లో చేదబావి ఉండేది. మా అత్తగారు పొద్దున్నే బొక్కెన వేసేముందు చేంతాడును కొసనుంచి కొసదాకా గుప్పిట్లోంచి లాగి చూసేవారు. ఎక్కడ పీచు లేచినా, పురి వదులైనా చేతికి తెలిసిపోయేది. ఆవిడ ఊరెళ్ళిన వారం నేను ఆ పని చెయ్యలేదు. నాలుగోనాడు తాడు తెగి, బొక్కెన కాస్తా నీళ్ళలో పడింది. పైకి తాడు బాగానే ఉంది మరి! ఆవిడొచ్చి పాతాళగరిగె వేయిస్తూ, "కంటికి కనపడేది కాదమ్మా, చేతికి తెలిసేది" అన్నారు.

ఈమధ్య హైదరాబాదులో మా అమ్మాయితో దుర్గంచెరువు తీగల వంతెన దాటుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన ఈ వంతెనకి నడిమి భాగం సుమారు 234 మీటర్లు. దాన్ని పట్టుకుని ఉన్నవి 56 ఉక్కుతాళ్ళు. "ఇంత బరువు మోస్తున్నాయిగదా, లోపల ఎలా ఉన్నాయో ఎవరికి తెలుస్తుందే?" అని అడిగాను. అమ్మాయి ఇంజనీరింగు చదివింది. "అయస్కాంతానికి తెలుస్తుందమ్మా" అంది.

అదెలాగో వినండి. ఉక్కు లోపల కంటికి ఆనని చిన్నచిన్న అయస్కాంతపు గదులు ఉంటాయి. మామూలుగా ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తూ ఉంటుంది. తడిచీరని ఇద్దరం చెరోకొస పట్టి లాగితే మడతలన్నీ లాగినవైపు సర్దుకోవూ? ఉక్కును లాగినా ఆ గదులు అలాగే సర్దుకుంటాయి. అప్పుడు ఆ ఉక్కు అయస్కాంతానికి లోబడే తీరు మారిపోతుంది. ఈ సంగతి ఇటలీ శాస్త్రవేత్త విల్లారి 1865లోనే కనిపెట్టాడు.

ఇంజనీర్లు ఉక్కుతాడు చుట్టూ గాజు తొడిగినట్టు ఒక రాగితీగ చుట్టను అమరుస్తారు. అందులో కరెంటు పంపితే తాడు కాసేపు అయస్కాంతమవుతుంది. ఎంతగా అయిందో పక్కనున్న రెండో చుట్ట కొలుస్తుంది. దాన్నిబట్టి తాడు ఎన్ని టన్నుల లాగుడు భరిస్తోందో లెక్క తేలుతుంది. తాడును కొయ్యక్కర్లేదు, రంగు గీకక్కర్లేదు, పైనున్న ప్లాస్టిక్ గొట్టం విప్పక్కర్లేదు.

అయితే ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ఎండకీ వానకీ ఉక్కు గుణం కొంత మారుతుంది కాబట్టి వేడిని కూడా కొలవాలి. అదే రకం ఉక్కును ముందుగా ప్రయోగశాలలో తెలిసిన బరువులతో లాగి చూసి, పట్టిక రాసి పెట్టుకోవాలి. తూకపురాళ్ళు సరిచూడకుండా కాటా మీద బెల్లం తూచితే ఏం లాభం?

తాడులో తీగలు తెగాయేమో చూడటానికీ అయస్కాంతమే పనికొస్తుంది. తెగినచోట అయస్కాంత శక్తి కొంచెం బయటికి పొంగుతుంది, పరికరం దాన్ని పసిగడుతుంది. గనుల్లోకి మనుషుల్ని దించే ఉక్కుతాళ్ళను ఇలా పరీక్షిస్తారు. బొగ్గుగనుల జిల్లావాళ్ళం, ఆ తాడు విలువ మనకి ఒకరు చెప్పాలా!

గుజరాత్ మోర్బీలో 2022 అక్టోబరు 30న వేలాడే వంతెన తెగి 135 మంది ప్రాణాలు పోయాయి. పండగ సెలవుల్లో పిల్లాపాపలతో సరదాగా వచ్చినవాళ్ళే ఎక్కువమంది. ప్రధాన తాడులోని 49 తీగల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయనీ, అవి అంతకుముందే తెగిపోయి ఉండవచ్చనీ దర్యాప్తు బృందం తేల్చింది. నాలుగు రోజుల కిందటే ఆ వంతెనను మరమ్మతు అయిందని తెరిచారు. తాడు మార్చలేదు.

అంటే అసలు లోపం విద్యలో లేదు, చూడటంలో ఉంది. యంత్రం అంకె చెబుతుంది. ఆ అంకెను రోజూ చదివి, మారితే రాకపోకలు ఆపించే మనిషి కావాలి. మన ఊళ్ళో కొత్తగా వంతెన కట్టినా, పాతదానికి రంగు వేసినా, "లోపల ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్ళకోసారి చూస్తున్నారు?" అని మనం అడగవచ్చు. ఆ దారినే మన పిల్లలు బడికి వెళ్తారు.

మా అత్తగారికి అయస్కాంతం లేదు, గుప్పిలి ఉంది. కాని ఆవిడ ఒక్కపూటా మానలేదు.