ఒక బండి మీద నాలుగు వెల్డింగ్ మిషన్లు

పాతకాలపు గ్రిల్ షాపుల్లో వెల్డింగ్ మిషనే ఒక బండి. నూనె నింపిన ఇనుప తొట్టి, దాని కింద చక్రాలు, లాగడానికి హ్యాండిలు, కరెంటు తగ్గించి పెంచడానికి పైన తిప్పుడు చక్రం. గడప దాటించాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. ఇప్పుడు మా షెడ్డులో స్క్వేర్ పైపుతో నేను కడుతున్న ట్రాలీ మీద ఆర్క్, టిగ్, మిగ్ మిషన్లు, ప్లాస్మా కట్టరు నాలుగూ ఎక్కుతాయి. ఒక్క చేత్తో తోసుకుపోవచ్చు.

పైపులకు ట్యాకులు వేస్తుంటే పక్కింటి ఐటీఐ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. "అంకుల్, ఆ పాత మిషను రెండు వందల ఆంపియర్లు ఇచ్చేది, ఈ బుల్లిదీ రెండు వందలే ఇస్తోంది. మరి లోపలి ఇనుమంతా ఏమైపోయినట్టు?" అన్నాడు. వెల్డింగ్ మిషను కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

ముందు వెనకటి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1880లలో రష్యా సామ్రాజ్యంలో బెనార్డోస్ కార్బన్ కడ్డీతో ఆర్క్ పుట్టించి ఇనుము అతికాడు. ఆ వెంటనే స్లావ్యనోవ్ లోహపు కడ్డీనే కరిగించి అతుకులో పోశాడు. తర్వాత స్వీడన్ ఇంజినీరు షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పూత పూశాడు. మనం వాడే రాడ్డు అక్కడికే తయారైపోయింది. రాడ్డుకు కరెంటు పెట్టే మిషను మాత్రం చాలాకాలం లావుగానే ఉండిపోయింది.

ఎందుకు? ఇంటికొచ్చే 230 వోల్టులు ఆర్కుకు పనికిరావు. 10 నంబరు రాడ్డుకు పాతిక వోల్టుల దగ్గర, వందకు అటూ ఇటుగా ఆంపియర్లు కావాలి. వోల్టులు దించి ఆంపియర్లు పెంచేది ట్రాన్స్‌ఫార్మరు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే ఒక్కో వైపు 10 మిల్లీసెకన్లు నెడుతుంది. అంతసేపూ ఇనుప కోరులో అయస్కాంతత్వం పోగవుతూనే ఉంటుంది. వోల్టులు ఎంత ఎక్కువైతే, నెట్టే సమయం ఎంత పొడుగైతే, అంత పోగవుతుంది. ఇనుము దాచుకోగలిగేదానికి హద్దుంది. సిలికాన్ స్టీలైతే ఒకటిన్నర టెస్లా దాటాక మొరాయించడం మొదలుపెడుతుంది. అది దాటితే కాయిల్ కాలిపోయేంత కరెంటు లాగుతుంది. కాబట్టి 10 మిల్లీసెకన్ల సరుకును తట్టుకునేంత లావు కోరూ, దాని చుట్టూ అన్ని చుట్ల రాగీ తప్పవు.

ఈ కొత్త బుల్లి మిషను, అంటే ఇన్వర్టరు, ఇక్కడే దెబ్బ కొట్టింది. లోపలికి వచ్చిన కరెంటును ముందు డయోడ్లతో డీసీ చేసి, కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. దాన్ని ఎలక్ట్రానిక్ స్విచ్చులతో సెకనుకు పదుల వేలసార్లు ఇటూ అటూ తిప్పి ట్రాన్స్‌ఫార్మరుకు ఇస్తుంది. సెకనుకు 50 వేల సార్లు ఊగిందనుకోండి, ఒక్కో వైపు నెట్టుడు 10 మైక్రోసెకన్లే. కోరు దాచుకోవలసింది వెయ్యో వంతు. బావి దగ్గర గంగాళంతో ఒక్కసారి మోసే బదులు చెంబుతో వెయ్యిసార్లు పరుగెత్తినట్టు. చేరే నీళ్లు అన్నే, పాత్ర మాత్రం చిన్నది.

అయితే బరువు వెయ్యో వంతుకు పడిపోదు. అంత వేగంలో ఇనుప రేకులు సలసలా కాగుతాయి. అందుకని నల్లటి, పెళుసైన ఫెరైటు కోరు వాడతారు. అది స్టీలులో నాలుగో వంతు అయస్కాంతత్వానికే నిండిపోతుంది. అయినా ట్రాన్స్‌ఫార్మరు అరచేతిలో పడుతుంది. కుర్రాడికి పాడైన బోర్డు తీసి చూపించాను. అందులో ట్రాన్స్‌ఫార్మరు కన్నా స్విచ్చులను చల్లబరిచే అల్యూమినియం హీట్‌సింకులే పెద్దవి.

సూత్రం ఫారడే నాటిదే. లేనిదల్లా స్విచ్చు. వందల వోల్టులు ఆపుతూ, పదుల ఆంపియర్లు మోస్తూ, మైక్రోసెకన్లలో తెరుచుకుని మూసుకునే స్విచ్చు కావాలి. అప్పటికి ఉన్న స్విచ్చుల్లో థైరిస్టరు ఒకసారి పట్టుకుంటే తనంతట వదలదు. మాస్‌ఫెట్ చురుకైనదే కానీ, వోల్టులు పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. ఈ రెండు వంశాలనూ కలిపినవాడు మద్రాసులో పుట్టి, ఐఐటీ మద్రాసులో చదివిన జయంత్ బాలిగ. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ 1980ల మొదట్లో ఐజీబీటీ అనే స్విచ్చును తెచ్చాడు. నాలుగు పొరల నిర్మాణం కదా, థైరిస్టరులాగే ఇదీ పట్టుకుని వదలదని నిపుణుల భయం. ఆ పట్టు పడకుండా పొరలను మలచడమే ఆయన గెలుపు. 2024లో ఫిన్లాండ్ ఇచ్చే మిలీనియం టెక్నాలజీ బహుమతి దీనికే వచ్చింది. మిగతా చరిత్ర తెలిసిందే. ధరలు దిగాయి, ఇన్వర్టర్లు ఇళ్ల షెడ్లలోకి వచ్చాయి.

మిషను మారితే బండి లెక్కా మారాలి. ఇప్పుడు బండిలో బరువైనది మిషను కాదు, గ్యాసు సిలిండరు. 47 లీటర్ల ఆర్గాన్ సిలిండరు నాలుగు మిషన్లను తలదన్నే బరువు. అందుకే దాన్ని వెనక, నేలకు వీలైనంత దగ్గరగా, స్థిర చక్రాల ఇరుసుకు ఆనుకుని నిలబెట్టి, నడుము పైన గొలుసు కట్టాలి. ముందు తిరిగే చక్రాలకు బ్రేకులు పెట్టాలి. మిగ్ మిషను తలుపు పక్కకు తెరుచుకుంటుంది. వైరు చుట్ట మార్చాలంటే ఆ పక్క నిలువు పైపు అడ్డుండకూడదు. అరలు వెనక్కి కాస్త వాలితే మిషన్లు జారవు, నాబులు కంటికి ఎదురుగా ఉంటాయి.

పాత తొట్టిని నూనె చల్లబరిచేది. కొత్తదాన్ని ఫ్యాను గాలి చల్లబరుస్తుంది. మిషను వెనకా ముందూ జానెడు ఖాళీ లేకపోతే, 60 శాతం డ్యూటీ సైకిల్ అన్న మాట, అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు నడుస్తుందన్న భరోసా, కాగితం మీదే మిగులుతుంది. గ్రైండరును ఈ బండి పక్కన పెట్టకండి. ఇనుప రజను ఫ్యానుతో పాటు లోపలికి పోయి బోర్డు మీద కరెంటుకు దారి వేస్తుంది. ఎర్త్ క్లాంపును బండి ఫ్రేముకు తగిలించకండి. వెల్డింగ్ కరెంటు ఇంటి ఎర్త్ వైరులోంచి తిరిగొచ్చి దాన్ని కాల్చగలదు.

చివరగా ఒక్క మాట. 200 ఆంపియర్ల దగ్గర ఆర్కే అయిదున్నర కిలోవాట్లు తింటుంది. మిషను చిన్నదైంది గానీ దాని ఆకలి తగ్గలేదు. బండి మీద నాలుగున్నా ఒకసారి ఒక్కటే నడపండి. దానికి ఏసీకో గీజరుకో పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్టు చాలదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, తగిన మందం వైరుతో, 32 ఆంపియర్ల ఎంసీబీతో విడిగా లైను వేయించుకున్నాకే బండి చక్రాలు బిగించండి.