మోగే బిళ్ల, మాడే చిప్పు

మా ఊరు నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు. అక్కడ బోరు రైతుకు రెండే భయాలు: కరెంటు రాకపోవడం, కరెంటు ఉండగా నీళ్లు అందకపోవడం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక మొదటిది తగ్గింది. రెండోది అలాగే ఉంది. నీళ్లు లేక మోటరు ఉత్తగా తిరిగితే వైండింగు కాలినట్టే.

ఇంజనీరింగు చదువుతున్నాను కదా అని, పైపులో నీళ్లు ఆగగానే కూతపెట్టే సర్క్యూటు ఒకటి కట్టి స్టార్టర్ డబ్బాలో పెట్టాను. ఆటమెగా 328 చిప్పు, దాని ఒక కాలికి నేరుగా పీజో బిళ్ల. రేకు కూడా అదిరి గట్టిగా మోగుతుందని బిళ్లను డబ్బా తలుపుకే అంటించాను. మిత్రులు నవ్వకండి, అప్పుడది గొప్ప తెలివనిపించింది. పది రోజులు బాగానే కూసింది. పదకొండోనాడు నాయిన ఫోను: "నీ గంట మోగకపాయెరా. మోటరు మాడు వాసనొస్తే ఉరికి బంద్ చేసిన."

తప్పు కరెంటు హెచ్చుతగ్గుల మీదికి నెట్టి చిప్పు మార్చాను. కొత్తదానికీ అదే కాలు పోయింది, మిగతావన్నీ బాగున్నాయి. కరెంటు దోషమైతే వెతికి వెతికి ఆ ఒక్క కాలినే పట్టుకుంటుందా?

దోషం బిళ్లది. 1880లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కున్నారు. విద్యుత్తు ఇస్తే అవి కదులుతాయన్నది మరుసటేడు తేలింది. మనం కూతకు వాడుకునేది ఈ రెండోది. అంతమాత్రాన మొదటిది ఊరుకోదు. వంటింట్లో గ్యాసు లైటరు నిప్పురవ్వ దానిదే. నాయిన డబ్బా తలుపు ధడేల్మని వేసినప్పుడల్లా బిళ్ల చిప్పును ఎదురు కొట్టిందన్నమాట. లాబులో బిళ్లను ఆసిలోస్కోపుకు తగిలించి స్క్రూడ్రైవరు పిడితో తడితే పదుల వోల్టుల ముల్లు లేచింది. చిప్పు కాలు ఓర్చేది సరఫరా కంటే అర వోల్టు ఎక్కువ, సున్నా కంటే అర వోల్టు తక్కువ, అంతే. లోపల రక్షణ డయోడ్లున్నా రోజువారీ దెబ్బలకు అవి చాలవు. పైగా వేడి మారినా బిళ్లలో ఆవేశం పుడుతుంది. మే నెల ఎండలో రేకు డబ్బా సంగతి మీకు చెప్పక్కరలేదు.

బిళ్ల కెపాసిటరు కూడా. నాది సుమారు 20 నానోఫారడ్లు. కాలు మారిన ప్రతిసారీ అది క్షణకాలం షార్టులా కరెంటు గుంజుతుంది. కాలికి గరిష్ఠం 40 మిల్లీఆంపియర్లు.

అందుకని కాలికీ బిళ్లకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టాను. 5 వోల్టుల దగ్గర 5 మిల్లీఆంపియర్లు దాటదు. కూత తగ్గదా అంటారేమో. దీనివల్ల ఆలస్యం 20 మైక్రోసెకన్లు. 4 కిలోహెర్ట్జ్ కూతలో అర ఆవృత్తి 125. చెవికి తేడా తెలియదు. రెసిస్టరుకు బిళ్ల వైపున రెండు షాట్కీ డయోడ్లు: ఒకటి 5 వోల్టుల తీగకు, ఒకటి గ్రౌండుకు, రెండూ మామూలప్పుడు కరెంటు పారని దిశలో. ముల్లు ఎటు లేచినా అటు తెరుచుకుంటాయి. పోగైన ఆవేశం జారిపోవడానికి బిళ్లకు అడ్డంగా 1 మెగా ఓమ్. ప్రోగ్రాములో, కూత లేనప్పుడు కాలిని గాలికి వదలకుండా సున్నా దగ్గరే పట్టి ఉంచాలి. (కాయిలు ఉన్న బజరైతే కథ వేరు, దానికి ట్రాన్సిస్టరూ, కాయిలుకు అడ్డంగా డయోడూ కావాలి.)

ఈ సామానంతా కలిపినా చిప్పు ధరలో పదో వంతు కాదు. బిళ్లను తలుపు మీంచి తీసి పక్క గోడకు మార్చాను కూడా. నాయిన మాత్రం తలుపు ఇప్పటికీ అట్లనే వేస్తాడు.