కారు నడిదారిలో ఎందుకు ఆగుతుంది?

పాతకారు వున్న ఏ యింట్లోనైనా అప్పుడప్పుడు జరిగే సంగతే యిది. ముహూర్తానికి వేళవుతూ వుంటుంది. పట్టుచీరలూ, పళ్లబుట్టలూ, పిల్లలూ అందరూ సర్దుకుని కూర్చుంటారు. కారు వీధి మలుపుదాకా బాగానే పోతుంది. అక్కడ రెండు జెర్కులిచ్చి ఆగిపోతుంది. “బ్యాటరీ అయివుంటుంది” అంటారు తాతగారు. “ప్లగ్గులు మార్పించలేదా?” అంటారు బావగారు. “కార్బురేటరులో నలక పడిందండీ” అని దారినపోయే లారీ డ్రైవరు తీర్పు చెబుతాడు.

ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కాని నాడి చూడకుండా మందివ్వటం ఎటువంటిదో, కారు ఆగిన తీరు కనుక్కోకుండా పార్టులు మార్చటమూ అటువంటిదే. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే వుంటుంది. చివరకు విసుగెత్తి, తండ్రిగారు కొన్న కారును పాతయినుముకు తూచి అమ్మేస్తారు. తీరా చూస్తే అందులో చెడిపోయింది బొటనవ్రేలంత కండెన్సరే అయివుండవచ్చు!

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకుముందే ఆగింది. అయినా వాటిని ప్రేమగా కాపాడుకుంటున్న కుటుంబాలు మన వూళ్లలో యింకా వున్నాయి. కొత్త కార్లలో లోపాన్ని కంప్యూటరు చెబుతుంది. ఈ పాతకార్లలో ఆ పని మన కళ్లూ చెవులూ చెయ్యాలి.

ఇంజనుకు కావలసినవి మూడు

పెట్రోలూ గాలీ సరైన పాళ్లలో కలవాలి. సరిగ్గా వేళకు నిప్పురవ్వ పడాలి. సిలిండరులో ఒత్తిడి నిలవాలి. ఈ మూడూ కుదిరితే ఇంజను నడవక తప్పదు. ఒక పాలు పెట్రోలుకు తూకంలో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఇక నిప్పురవ్వల సంగతి వినండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలకడగా వున్నప్పుడే నిమిషానికి 1600 రవ్వలు పడాలి. అందులో నాలుగైదు తప్పినా మనకు కుదుపు తెలిసిపోతుంది.

ఒత్తిడి తగ్గటం సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే ముసలితనం. నిన్న బాగున్న కారు ఈరోజు ఆగిందంటే ముందుగా అనుమానించవలసింది పెట్రోలునూ కరెంటునూ.

ఆ రెండింటిలో ఏదో ఎలా తెలుస్తుంది? ఆగిన తీరును బట్టి. స్విచ్చి కట్టేసినట్లు టక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. ఆయాసపడి, గింజుకుని, కొంతదూరం యీడ్చుకుంటూ పోయి ఆగితే పెట్రోలు వైపు చూడాలి. ఎప్పుడూ యింతే అని చెప్పలేము గాని, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో దీనివల్ల తెలుస్తుంది.

పెట్రోలు దారి

టాంకీనుంచి కార్బురేటరుదాకా పెట్రోలు ఎన్నో మజిలీలు దాటి రావాలి. పాతటాంకీలో తుప్పు వుంటుంది. అది ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అప్పుడు కారు వూళ్లో మెల్లగా పోయినంతసేపూ బాగానే పోతుంది. హైవే ఎక్కి వేగం పెంచినా, ఘాటీ ఎక్కుతున్నా, చాలినంత పెట్రోలు అందక గింజుకుంటుంది. పంపులోని డయాఫ్రం చిరిగినా యిదే లక్షణం.

ఒక తమాషా జబ్బు వుంది. బయలుదేరిన కొన్ని మైళ్లకు కారు ఆగిపోతుంది. కాసేపు వుంటే దానంతటదే బాగవుతుంది. మళ్లీ కొన్ని మైళ్లకు ఆగుతుంది. అటువంటప్పుడు పెట్రోలు టాంకీ మూత తీసి చూడండి. “ఉస్స్”మని గాలి లోపలికి పీల్చుకుంటే జబ్బు దొరికినట్లే. మూతకుండే గాలిరంధ్రం పూడుకుపోయింది. లోపలికి గాలి రానిదే బయటికి పెట్రోలు రాదు. (మూత తీసేటప్పుడు దగ్గరలో సిగరెట్టుగాని మరే నిప్పుగాని వుండకూడదని వేరే చెప్పనక్కరలేదు.)

వేసవిలో రెంటచింతల, రామగుండం ఎండలకు మరొకటి జరుగుతుంది. వేడెక్కిన ఇంజనును ఆపి, పది నిమిషాలు కాఫీకి దిగి వచ్చేసరికి, పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ఆవిరిని నెట్టలేదు. బానెట్ ఎత్తి, చల్లారనిచ్చి, పంపుమీద తడిగుడ్డ వేస్తే దారికొస్తుంది.

కారు వేగంగా బాగానే పోతూ, సిగ్నలు దగ్గర కాలు తియ్యగానే ఆగిపోతోందా? కార్బురేటరులోని స్లో జెట్టులో నలక పడివుండవచ్చు. ఆక్సిలరేటరు తొక్కగానే ముందుకు దూకవలసిందిపోయి ఒక్క క్షణం తటపటాయిస్తోందా? తొక్కినప్పుడు అదనంగా పెట్రోలు చిమ్మే చిన్నపంపు బలహీనపడిందేమో చూడాలి. ఎస్.యు. రకం కార్బురేటరైతే దాని బుడ్డిలో చమురు వున్నదో లేదో చూడాలి.

చోక్ కూడా మంచి సాక్షి. ఇంజను వేడిగా వున్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి. ఇంజను కుదుటపడితే పెట్రోలు చాలటం లేదనో, గాస్కెట్ సందులోంచి దొంగగాలి జొరబడుతోందనో అర్థం. చోక్ లాగగానే నల్లపొగ వదిలి మరింత మొరాయిస్తే, పెట్రోలు యిదివరకే ఎక్కువగా పడుతోందని అర్థం. ప్లగ్గులు విప్పినప్పుడు వాటి రంగూ చూడండి. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి వుంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా మాడినట్లుంటే పెట్రోలు తక్కువ కావచ్చు. నూనెతో జిడ్డుగా వుంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోందన్నమాట.

కరెంటు దారి

డిస్ట్రిబ్యూటరు మూత కింద రెండు పాయింట్లు వుంటాయి. అవి విడిపోయిన ప్రతిసారీ ఒక రవ్వ పుడుతుంది. 1489 సి.సి. అంబాసిడరు ఇంజనులో వాటి మధ్య ఎడం అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను వుండాలి, అంటే 0.4 మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. అరిగినకొద్దీ ఈ ఎడం తగ్గుతుంది, రవ్వ ఆలస్యంగా పడుతుంది, కారుకు పికప్ పోతుంది. ఫీలర్ గేజితో సరిచెయ్యటానికి తెలిసిన మేస్త్రీకి ఎంతోసేపు పట్టదు.

చల్లగా వున్నంతసేపూ బాగా నడిచి, వేడెక్కాక టక్కున ఆగి, అరగంట తరువాత ఏమీ ఎరగనట్లు స్టార్టయితే కండెన్సరునూ కాయిలునూ పరీక్షించాలి. వేడికి లోపల తెగి, చల్లారాక కలుసుకోవటం వాటి స్వభావం. వానాకాలంలోనే యిబ్బంది పెడితే డిస్ట్రిబ్యూటరు మూత చూడాలి. వెంట్రుకంత బీట వున్నా తడికి కరెంటు అడ్డదారి పడుతుంది. చీకట్లో ఇంజను నడుపుతూ, చెయ్యి తగలనివ్వకుండా, బానెట్ ఎత్తి చూస్తే ఆ దొంగరవ్వలు కంటికే కనిపిస్తాయి. ప్లగ్గు తీగ విప్పి రవ్వ చూసే పరీక్షమాత్రం మేస్త్రీకి వదిలెయ్యండి. పెట్రోలు ఆవిరి దగ్గర అది ప్రమాదం.

ఈ రోజుల పెట్రోలు

ఇటీవల పాతకార్లకు కొత్త సమస్య ఒకటి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలులో నూటికి 20 పాళ్లదాకా ఇథనాలు కలుస్తోంది. పాత కార్బురేటర్లు దీనిని ఎరిగి చేసినవి కావు. ఇథనాలులో ప్రాణవాయువు వుంటుంది గనుక, జెట్లు మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజను తటపటాయించవచ్చు. పాతరకం రబ్బరు గొట్టాలూ డయాఫ్రములూ దానికి వుబ్బి పాడవుతాయి. పైగా ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి షెడ్డులోనే వుంటే ఆ నీరూ ఇథనాలూ కలిసి టాంకీ అడుగుకు చేరవచ్చు. పంపు ముందుగా పీల్చేది అడుగునున్నదే గదా!

అందుచేత గొట్టాలనూ డయాఫ్రమునూ ఇథనాలుకు ఆగే రకంతో మార్పించటం, ఫిల్టరు తరచుగా చూడటం, కారును వారానికొకసారైనా నాలుగుమైళ్లు తిప్పటం మంచిది.

మేస్త్రీకి చెప్పవలసిన మాట

“కారు ఆగిపోతోందయ్యా” అంటే మేస్త్రీకి ఏమీ తెలియదు. ఒక చిన్న పుస్తకం కారులో వుంచండి. ఎన్ని మైళ్లు పోయాక ఆగింది, చల్లగానా వేడిగానా, ఎండా వానా, టక్కుననా మెల్లగానా, ఎంతసేపటికి మళ్లీ కదిలింది అన్నది రాసుకోండి. ఈ పని స్టీరింగు పట్టినవారికంటె పక్కన కూర్చున్న యిల్లాలే బాగా చేస్తుంది. పిల్లలకు అప్పగిస్తే మరీ శ్రద్ధగా చేస్తారు. మరొక నియమం: ఒకసారి ఒక్క పార్టే మార్పించండి. నాలుగూ ఒకేసారి మార్చి కారు బాగుపడితే, జబ్బు దేనిలో వుండేదో ఎవరికీ తెలియదు.

చివరిగా, అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇలా ఆగే కారును బాగుచేయించకుండా దూరప్రయాణాలకు తీసుకుపోకండి. రైలుగేటు మీద ఆగితే సామాను సంగతి, కారు సంగతి తరువాత. ముందు మనుషులందరినీ దింపి పట్టాలకు దూరంగా పంపి, గేటుమనిషిని కేకెయ్యండి. కారు మరొకటి కొనుక్కోవచ్చు.