అర పాయింటు

చదరంగంలో ఒక్క బంటు ఎక్కువుంటే గెలిచినట్టేనని మన మిత్రుల్లో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, 1984లో ఒక రాష్ట్రస్థాయి జూనియర్ పోటీ చివరి రౌండు దాకా.

అప్పుడు ఈ కాలేజీలోనే బి.యస్సీ. రెండో సంవత్సరం. ఎదుట కూర్చున్నది పదో తరగతి కుర్రాడు. గెలిస్తే నాకు రాష్ట్ర జట్టులో చోటు, డ్రా అయితే లేదు. నాలుగు గంటలయ్యాక బోర్డుమీద మిగిలినవి రెండు రాజులూ, నా తెల్లబంటొకటీ. నా రాజు డి3లో, బంటు ఇ2లో, అతని రాజు ఇ6లో. ఎత్తు నాది.

కిటుకంతా ఇక్కడే ఉంది. రాజు రాజును ఆనుకుని నిలబడకూడదు గదా! కాబట్టి ఒకే నిలువు వరుసలో నడుమ ఒక్క గడి విడిచి రాజులు ఎదురుపడితే, ఎత్తు ఎవరిదైతే వారే దారి వదలాలి. దీన్నే ఆపోజిషన్ అంటారు. నేను రాజును ఇ4కి నడిపితే అతనికి ఆ అవస్థ వచ్చేది. డి6కి జరిగితే నేను ఎఫ్5కి, ఎఫ్6కి జరిగితే డి5కి. పైగా ఇ2లో కదలకుండా ఉన్న బంటు చేతిలో దాచుకున్న ఎత్తు లాంటిది. అతను మళ్లీ ఎదురు నిలిచినా బంటును ఒక గడి తోసి, వంతు అతనికే వదిలేయొచ్చు.

నేనేం చేశాను? బంటు మంత్రి అయిపోవాలన్న ఆత్రంలో ఇ3కి తోసేశాను. దాచుకున్న ఎత్తు కాస్తా ఖర్చయింది. కుర్రాడు చటుక్కున ఇ5 పట్టాడు.

ఆ తరువాత అతను తప్పు చేస్తాడేమోనని చూడటమే నా పని. నా రాజు ఇ5, బంటు ఇ6, అతని రాజు ఇ7 వచ్చినప్పుడు గుండె దడదడలాడింది. డి8కో ఎఫ్8కో వెళ్తే గెలుపు నాదే. తిన్నగా వెనక్కి, ఇ8కి వెళ్లాడు! చివరికి ఇ7లో బంటు, దాని వెనుక నా రాజు. అతనికి షా లేదు, కదలటానికి గడీ లేదు. స్టేల్‌మేట్.

ఓపెనింగులు పన్నెండు ఎత్తుల దాకా బట్టీపట్టిన నేను, కాపబ్లాంకా 1921లో వేసిన 'చెస్ ఫండమెంటల్స్' మొదటి అధ్యాయంలోనే ఉన్న ఈ ముగింపును చూడనే లేదు. హంపి 2001లో, హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ టైటిళ్లు తెచ్చాక మన ఊళ్లలో చదరంగం నేర్చే పిల్లలు పెరిగారు. వాళ్లకిది వేళ్లమీద లెక్క.

చెయ్యి కలిపి కుర్రాడు మెల్లగా అడిగాడు: "రాజు ముందు నడవాలి గదన్నయ్యా, బంటునెందుకు తోశారు?"